పలక మీద చుక్క

బిందువుకి పొడవు లేదు, వెడల్పు లేదు, మందం లేదు. ఏటా బడి తెరవగానే రేఖాగణితం మొదలుపెట్టే రోజు పిల్లలకి నేను చెప్పే మొదటి మాట ఇదే. బోర్డు మీద సుద్దతో ఒక చుక్క పెట్టి, ఇది బిందువు కాదర్రా, బిందువు ఎక్కడుందో చూపించే గుర్తు మాత్రమే అంటాను. ఏటా ఎవరో ఒకరు లేచి, "మరి అసలు బిందువు ఎక్కడుంది టీచర్?" అని అడుగుతారు. ఇదివరకు నవ్వేదాన్ని. "ఆ గుర్తు కింద దాక్కుంది, కూర్చో" అనేదాన్ని. ఈ ఏడు ఆ ప్రశ్న వినగానే బోర్డు మీద చుక్క తుడిచేశాను. గుర్తు కింద ఏముంటుందో ఈ వేసవిలో చూశాను మరి.

నేను అద్దంకి దగ్గర ఒక ఊళ్ళో లెక్కల టీచర్ని. పుట్టిల్లు స్కూటీ మీద అరగంట దూరం. అక్కడ అమ్మ, నాన్న, తమ్ముడు ఉంటారు. పత్తి, మిరప తప్ప వేరే లోకం తెలియని ఇల్లు మాది. నాన్న మహా మాటకారి. పొలంలో ఆ చివర నిలబడి మాట్లాడితే ఈ చివర కూలీలు పనాపి నవ్వేవాళ్ళు. అలాంటి మనిషి కిందటేడు పత్తి తీతల రోజుల్లో, ఒక పొద్దున, గుమ్మం పట్టుకుని అలాగే కిందికి జారిపోయాడు. పక్షవాతం. గుంటూరు తీసుకెళితే ప్రాణం దక్కింది కానీ కుడి చెయ్యి పోయింది, కుడి కాలు పోయింది, మాట పోయింది. మాటతో పాటు అక్షరాలు కూడా పోతాయని డాక్టరు చెప్పేదాకా నాకు తెలియదు.

టీచర్ని కదా, నాకు తోచింది ఒక పలక కొనడం. పలకా బలపం తెచ్చి ఆయన ఎడమ చేతిలో పెట్టి, ఏదో ఒకటి రాయి నాన్నా అన్నాను. బలపం వంక కాసేపు చూశాడు. తర్వాత మెల్లగా ఒక గీత గీశాడు. దాని కొసనుంచి ఇంకోటి. మూడోది తెచ్చి మొదటి గీతతో కలిపాడు. త్రిభుజం. లోపల, కింద ఎడమ మూలకి దగ్గరగా, ఒక చుక్క పెట్టి నా మొహంలోకి చూశాడు. నాకేం అర్థం కాలేదు. బాగుంది నాన్నా అన్నాను, బళ్ళో పిల్లలకి చెప్పినట్టు. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

అప్పటినుంచీ రోజూ అదే బొమ్మ. అమ్మ తడిగుడ్డతో పలక తుడిచేది, ఆయన మళ్ళీ గీసేవాడు. పలక అందకపోతే మజ్జిగ ఒలికిన కంచంలో వేలితో గీసేవాడు. కిటికీ చెక్క మీద దుమ్ములో గీసేవాడు. నీళ్ళు పోసేటప్పుడు తడిసిన స్నానాలగది గోడ మీద కూడా మూడు గీతలూ, చుక్కా. ఆ గోడ ఆరేదాకా అమ్మ అటు వెళ్ళేది కాదు. పక్కింటి పిన్ని చూసి, ఏదో గాలి సోకింది, తాయెత్తు కట్టించమంది. అమ్మ కట్టించింది. తాయెత్తు కట్టిన చేత్తోనే నాన్న మళ్ళీ బొమ్మ గీశాడు.

ఒక ఆదివారం నేను కోణమానిని పట్టుకెళ్ళాను. వణికే ఎడమ చెయ్యి, అక్షరం గుర్తులేని బుర్ర, గీతలు ఏ రోజుకారోజు మారిపోతూ ఉండాలి కదా. మారలేదు. పలక మీదివి కొలిచాను, కిటికీ చెక్క మీదివి కొలిచాను. మూడు కోణాలూ ఇంచుమించు అరవై, మూడు భుజాలూ ఇంచుమించు సమానం. చుక్క ఎప్పుడూ కింద ఎడమ మూలకే దగ్గర. స్కేలూ వృత్తలేఖినీ ఇచ్చినా నా పిల్లలు అంత నికరంగా గీయలేరు. ఆ కొలతల సంగతి అమ్మకి చెప్పలేదు.

బొమ్మని గుర్తుపట్టింది తమ్ముడు. నాన్న నిద్రపోతుంటే పలక వసారాలోకి తెచ్చి, ఫోన్‌లో ఉపగ్రహం తీసిన మ్యాప్ తెరిచి, పెద్దది చేసి, దాని పక్కన పెట్టాడు.

"అక్కా, ఇది మన మూడు మూలల చేను కాదూ?"

అదే. ఊరికి పడమట ఉందా చేను. ఒక పక్క బండ్ల దారి, ఒక పక్క వాగు, ఇంకో పక్క వేరేవాళ్ళ పొగాకు చేను. మూడు మూలల నేల అచ్చిరాదని మా వైపు అందరికీ పట్టింపు. అలాంటి నేలని తాతయ్య ఎందుకు ఉంచుకున్నాడో ఎవరికీ తెలియదు. నాన్న పడిపోయాక దాన్ని పట్టించుకునే దిక్కు లేక బీడు పెట్టేశాం.

"మరి చుక్క?" అన్నాడు తమ్ముడు.

అమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఇంకా తెలవట్లేదంట్రా మీకు? ఆయన చోటు ఆయన చూపించుకుంటన్నాడు" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మా వైపు రైతు పోతే సొంత చేలోనే దహనం చేసి, గట్టు పక్కన చిన్న సమాధి కడతారు. రోడ్డు మీద పోతుంటే పత్తి చేలల్లో సున్నం వేసిన తెల్లటి దిమ్మెలు కనిపిస్తూనే ఉంటాయి. తాతయ్యా నాయనమ్మా ఊరి పక్క మిరప చేలో ఉన్నారు. ఆయన ఈ అచ్చిరాని చేలో చోటు అడుగుతున్నాడా? మాట పోయిన మనిషి ఇన్నాళ్ళూ రోజూ తన బూడిద ఎక్కడ పడాలో గీసి చూపిస్తుంటే, నేను బాగుంది నాన్నా అన్నానా? నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఆ రోజునుంచి ఆ పలక వంక చూడాలంటే భయం వేసేది. నాన్న మాత్రం నెమ్మదిగా, శ్రద్ధగా గీస్తూనే ఉన్నాడు.

తమ్ముడు మెత్తని మనిషి. "ఆ చోటు చదును చేసి, చుట్టూ కంచె కట్టి నాన్నకి చూపిద్దామక్కా. కుదుటపడతాడు" అన్నాడు. చుక్క ఏ మూలన ఉందో చెప్పాల్సింది నేనే. అదెంత పని! ఫోన్ మ్యాప్‌లో వాగు కిందికి ఉంది, కాబట్టి త్రిభుజం కింది గీత వాగు. కింద ఎడమ మూలంటే వాగూ దారీ కలిసే చోటు. తమ్ముడు అక్కడ పారతో గడ్డి చెక్కి, నాలుగు కర్రలు పాతి, ఫోటో తీసుకొచ్చి నాన్నకి చూపించాడు.

నాన్న తల అడ్డంగా ఊపాడు. పలక తీసుకుని మళ్ళీ గీసి, చుక్క మీద బలపంతో పొడిచాడు. ఇంకా పొడిచాడు. బలపం రెండు ముక్కలైంది. గొంతులోంచి ఏదో వచ్చింది, మాట కాదు, బరువు లాగలేని ఎద్దు మూలిగినట్టుంది. తమ్ముడి మొహం చిన్నబోయింది. ఆయనకి మతి పోయిందే అని అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాన్న ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

నాకు వెలిగింది క్లాసులో. త్రిభుజానికి భూమి ఏదంటే పిల్లలు ఎప్పుడూ కింద ఉన్న గీతే చూపిస్తారు. ఆ మొద్దుతనం వదిలించడానికి నేనొక అట్ట త్రిభుజం వాడతాను. మూడు భుజాలూ సమానంగా ఉన్నది. దాన్ని బోర్డుకి ఆనించి, ఒక భుజం మీద నిలబెట్టి, తిప్పి ఇంకో భుజం మీద నిలబెట్టి, ఏది కింద పెడితే అదే భూమి, బొమ్మ మాత్రం మారదు, చూశారా అంటున్నాను. అంటూ అలాగే ఆగిపోయాను. బొమ్మ మారదు. నాన్నది కూడా మూడు భుజాలూ సమానమైన త్రిభుజమే. వాగుని కింద పెట్టింది ఫోన్. నాన్న ఫోన్ చూసి గీయలేదు. జన్మంతా ఆ చేలోకి దారి వైపునుంచే దిగాడు. ఆయన కళ్ళకి ముందు దారి గట్టు, ఆ తర్వాతే మిగతా చేను. దారి గీత కింద పెడితే ఎడమ మూల మారిపోతుంది. దారీ పొగాకు చేనూ కలిసే మూల అవుతుంది.

నాకు అప్పుడు ఇంకోటి కూడా గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు నాన్న ఎడ్లతో పత్తికి అచ్చు తోలేవాడు. ముందు నిలువు గీతలు, తర్వాత అడ్డగీతలు, చేనంతా గళ్ళు. గీతా గీతా కలిసిన చోట నేనూ అమ్మా గింజ పెట్టేవాళ్ళం. రెండు గీతలు ఖండించుకుంటే బిందువని నేను బళ్ళో నేర్చుకోలేదు, మోకాళ్ళ మీద మట్టిలో నేర్చుకున్నాను. ఆ పొగాకు మూలకి వచ్చేసరికి మాత్రం నాన్న ఎడ్లని తిప్పేసేవాడు. అక్కడ గీతల్లేవు, గింజల్లేవు. అటు పోతే "ఏయ్, ఇటు రా" అని కేకేసేవాడు. తర్వాత్తర్వాత అక్కడ సర్కారు తుమ్మ లేచినా కొట్టించలేదు. అంటే అప్పటినుంచే ఆ చోటు తన కోసం అట్టిపెట్టుకున్నాడన్నమాట! అంతా అతికినట్టు సరిపోయింది. నా తెలివికి నేనే మురిసిపోయి, ఇంటర్వెల్‌లో తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను.

తమ్ముడు కూలీలని పెట్టి ముళ్ళచెట్లు కొట్టించాడు. శనివారం సాయంత్రం ఫోటో పంపాడు. ఏప్రిల్ ఎండలకి నల్లరేగడి నెర్రెలిచ్చి ఉంది. ఈ నేల నెర్రెలెప్పుడూ మూలలు మూలలుగా చీలతాయి, చెయ్యి పెడితే మోచేతిదాకా దిగుతుంది. ఫోటోలో కూడా చుట్టూ అలాగే ఉన్నాయి. మధ్యలో మాత్రం ఒక నెర్రె గుండ్రంగా తిరిగి మళ్ళీ మొదటికొచ్చి కలిసింది. గది అంత వెడల్పు. వృత్తలేఖిని గుచ్చి తిప్పినట్టు ఉంది.

"చూశావా అక్కా, ఎవరో గీసిపెట్టినట్టు లేదూ?" అన్నాడు ఫోన్‌లో. అమ్మ ఆ ఫోటోకి దండం పెట్టిందట. నేను దాన్ని పెద్దది చేసి చూశాను, చిన్నది చేసి చూశాను. అంత చక్కటి వృత్తం నేల మీద దానంతటదే ఎలా వస్తుందని ఒక్కసారి అనిపించింది. అంతలో పొయ్యి మీద పాలు పొంగాయి.

మర్నాడు ఆదివారం. నేను వెళ్ళేసరికి తమ్ముడు ట్రాక్టర్ వేసుకుని చేనికి బయల్దేరి కాసేపైంది. ఎండెక్కకముందే చదును చేసి వస్తానన్నాడట. నేను నాన్న మంచం మీద కూర్చుని పలక ఆయన ముందు పెట్టి, కింది గీత మీద వేలు పెట్టాను.

"ఇది వాగు కాదు, దారి. దారిలో నిలబడి చూసి గీశావు. అంతే కదా నాన్నా?"

నాన్న నా వేలి వంక చూశాడు. తల నిలువుగా ఊపాడు. ఆయన నోటినుంచి గాని తలనుంచి గాని అవునన్న మాట వచ్చి ఎన్నాళ్ళయిందో. నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు, కళ్ళనుంచి నీళ్ళు కారిపోతున్నాయి. నేనూ ఏడ్చేశాను. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చినప్పుడు కూడా లేదు.

"ఇన్నాళ్ళూ మాకు అర్థం కాలేదు నాన్నా. ఇప్పుడు తెలిసిందిగా. నీ చోటు చదును చెయ్యడానికి తమ్ముడు ట్రాక్టర్ తీసుకుని వెళ్ళాడు."

మణికట్టు మీద ఆ పట్టు మారింది. ఎముక నొక్కుకుంది. ఆయన మొహంలో సగం ఎప్పుడూ కదలదు, కదిలే సగంలో అలాంటి భయం నేను ఏ మనిషి మొహంలోనూ చూడలేదు. పలక లాక్కున్నాడు. చుక్క చుట్టూ ఒక సున్నా చుట్టాడు. దాని మీదే ఇంకోటి, ఇంకోటి, బలపం కీచుమని అరుస్తుంటే ఆపకుండా తిప్పుతున్నాడు. ఇన్ని నెలలుగా చుక్కగా ఉన్నది నా కళ్ళముందే వెడల్పవుతోంది. నాకు ఫోటోలో చూసిన నెర్రె గుర్తొచ్చింది. బలపం విసిరేసి నాన్న ఎడమ చెయ్యి గాల్లోకి ఎత్తాడు. పిడికిలి బిగించి కిందికి లాగాడు. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ లాగాడు.

చప్పుడుకి అమ్మ వచ్చింది. ఆ చెయ్యి చూసింది.

"చేదేస్తన్నాడే... నీళ్ళు తోడతన్నాడు. బావి! అమ్మో, బావే!" అని గోడకి ఆనుకుంది. "నేను కాపురానికి రాకముందే పూడ్చారంట. ఎక్కడో నాకు తెలవదే. దాని ఊసెత్తొద్దని మా అత్త నోరు మూయించింది."

తమ్ముడికి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. ట్రాక్టర్ రొదలో వాడికి ఏం వినపడుతుంది? మళ్ళీ చేశాను. మళ్ళీ. నాన్న చెయ్యి ఇంకా తోడుతూనే ఉంది.

"ఏందక్కా, ఊరికే చేస్తన్నావు? జేబులో ఒకటే గుయ్యిమంటంటే బండి ఆపి గట్టు మీదికొచ్చా. అక్కడ సిగ్నల్ సరిగ్గా రాదు."

"బండి దగ్గరికి పోవద్దు! ఒరేయ్, అక్కడ బావి ఉంది, పోవద్దు!"

"బావేంది..."

ఆ తర్వాత వాడి మాట లేదు. ఫోన్‌లో ఒక చప్పుడు వినిపించింది. పెద్ద చప్పుడు కాదు. బస్తా విప్పి ఎండుమిరపకాయలు కుప్ప పోసినట్టు గలగలమని, పొడిగా, అలా చాలాసేపు. తర్వాత అదీ ఆగింది. నేను వాణ్ణి పిలుస్తున్నాను, అరుస్తున్నాను, అటునుంచి గాలి తప్ప ఏమీ లేదు. అమ్మ నా మొహం చూసి కూలబడింది. ఎంతసేపటికో ఊపిరి వినిపించింది.

"అక్కా," అన్నాడు, చిన్నపిల్లాడి గొంతుతో. "బండి లేదు."

స్కూటీ మీద ఎలా వెళ్ళానో గుర్తులేదు. వాడు గట్టు మీద ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఎదురుగా, ఫోటోలో నెర్రె ఉన్నంత మేరా, నేల లేదు. గుండ్రటి నలుపు, అందులోంచి మెల్లగా లేస్తున్న దుమ్ము. అప్పటికప్పుడు ఎవరో తెరిచిపెట్టినట్టు ఉంది. పాత రోజుల మోట బావి అది. పత్తికట్టె వేసి నింపి, పైన మట్టి కప్పేశారట. కట్టె ఏళ్ళ తరబడి కుళ్ళి అణిగిపోయింది, పైన పెచ్చు మాత్రం మిగిలింది. చీమకుర్తి నుంచి గ్రానైటు బండలెత్తే క్రేను తెప్పించి ట్రాక్టర్‌ని పైకి తీయించాం. చూడ్డానికి ఊరంతా వచ్చింది. అసలు ఆ బావి ఎందుకు పూడ్చారని నేను ముసలివాళ్ళని అడిగితే ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని, టీ తాగొద్దాం పదండిరా అని లేచిపోయారు. నాన్నకి తెలుసు. ఆయనకి మాట లేదు.

ఆ బొమ్మ ఎందుకు మొదలైందో మాత్రం తమ్ముడికి ఆ సాయంత్రం తట్టింది. నాన్న పడిపోవడానికి ముందు రోజే వాడు ట్రాక్టర్ కొన్నాడు. ఆ సంబరంలో, ఇక ముళ్ళచెట్లన్నీ పీకించి మూడు మూలల చేను అంచుదాకా దున్నేస్తా నాన్నా అన్నాడు. నాన్న చుట్ట కాలుస్తూ, "రేపు చెప్తాలే, దాని సంగతి" అన్నాడట. తెల్లారేసరికి మాట పోయింది. అక్కడికి పోవద్దురా అని ఆయన నెలల తరబడి రోజూ చెప్పాడు. నన్ను అక్కడ పెట్టండి అంటున్నాడని మేం విన్నాం. త్రిభుజం ఏ భుజం మీద నిలబడిందో కనిపెట్టి, వాణ్ణి సరిగ్గా ఆ చుక్క మీదికి తోలింది నేను. లెక్క తప్పలేదు, అందుకే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

తమ్ముడు ఇంటికి రాగానే నాన్న బలపం దుమ్ము అంటిన ఎడమ చేత్తో వాడి మొహం తడిమాడు. నల్లమట్టి మీద తెల్లగా వేళ్ళ గుర్తులు పడ్డాయి. తర్వాత పలక తుడవమని సైగ చేశాడు. ఆ రోజునుంచి మళ్ళీ గీయలేదు, పలక మీద గాని, కంచంలో గాని, గోడ మీద గాని. బావి చుట్టూ సిమెంటు స్తంభాలు పాతి ముళ్ళతీగ కట్టించాం. ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. అమ్మ తాయెత్తు మహిమేనేమో అంది.

బడి తెరిచాక ఒక ఆదివారం వెళ్ళాను. నన్ను చూడగానే నాన్న పలక కావాలని సైగ చేశాడు. ఇచ్చాను. నెమ్మదిగా, ఎప్పటిలాగే, మూడు గీతలు గీశాడు. దారి గీత కింద. చుక్క పెడతాడని చూస్తున్నాను. పెట్టలేదు. బలపం నా చేతిలో పెట్టి, నా వేళ్ళు దాని చుట్టూ ముడిచి, ఖాళీ త్రిభుజం నా వైపు తిప్పాడు.

నీ చోటు చదును చేస్తున్నాడు తమ్ముడు అని ఆ రోజు చెప్పింది నేనే కదా. మేం వెతుకుతున్నది ఏమిటో ఆయనకి తెలిసింది ఆ మాటతోనే. ఇప్పుడాయన మొహంలో భయం లేదు, కోపం లేదు. హోంవర్కు ఇచ్చి కూర్చున్న టీచరులా ఓపిగ్గా చూస్తున్నాడు. నా చోటు ఎక్కడ, చెప్పు అని.

టైమైంది నాన్నా, మళ్ళీ వారం వస్తానని లేచి వచ్చేశాను. బలపం నా హ్యాండ్‌బ్యాగులో ఉండిపోయింది. ఆ తర్వాత ఏదో ఒక పని చెప్పి వెళ్ళడం లేదు. ఆదివారం పొద్దున్నే అమ్మ ఫోన్ చేసి, మీ నాన్న పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, ఎప్పుడొస్తన్నావే అని అడుగుతుంది.